లైబ్రరీలో బృందగానం

కొత్త ఆడిటోరియం కట్టిస్తానని ప్రకటించిన హెడ్మాస్టరు గారు ముందుగా పాటల గదిని పడగొట్టించారు. కళలంటే ఆయనకు అంత ప్రాణం మరి! వార్షికోత్సవానికి బృందగానం నేర్పాల్సిన పాటల టీచరునూ, ఆమె పిల్లల్నీ లైబ్రరీలోకి తోలేశారు.

"అభివృద్ధి అన్నాక కాస్త సర్దుకుపోవాలి మేడమ్" అన్నారు.

లైబ్రేరియన్ గారు చీమ చిటుక్కుమన్నా ఊరుకోరు. పిల్లలు పల్లవి ఎత్తుకున్నారో లేదో, పెదవి మీద వేలు పెట్టుకుని గుడ్లురిమారు. టీచరు వెళ్ళి హెడ్మాస్టరుతో మొరపెట్టుకుంటే, "చప్పుడు కాకుండా నేర్పండి" అని తేల్చేశారు.

టీచరుకు ఒళ్ళు మండింది. సరిగ్గా ఆయన చెప్పినట్టే నేర్పింది. పిల్లలు తాళం తప్పకుండా నోరు తెరిచేవాళ్ళు, మూసేవాళ్ళు, తలూపేవాళ్ళు. ఒక్కరూ కిక్కురుమనేవాళ్ళు కాదు.

వార్షికోత్సవం నాడు వేదిక మీద కూడా నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశారు. హెడ్మాస్టరు గారు మైకు అతని మీద ఇంతెత్తున లేచారు. పాపం, అతను వైర్లన్నీ పీకి మళ్ళీ పెట్టాడు. కింద కూర్చున్న తల్లులు మాత్రం ఎవరి పిల్లల గొంతు వాళ్ళు గుర్తుపట్టి మురిసిపోయారు.

చప్పట్లు ఆగాక హెడ్మాస్టరు గారు టీచరు దగ్గరికొచ్చారు.

"మైకు పాడైపోయింది గానీ, పిల్లలు అదరగొట్టేశారు మేడమ్! ఆడిటోరియం ప్రారంభోత్సవానికీ ఇదే పెట్టేద్దాం."

"మరి ప్రాక్టీసు ఎక్కడ సార్?"

"లైబ్రరీ బాగానే అచ్చొచ్చింది కదా!"

టీచరు నోరు తెరిచింది, మూసింది, తలూపింది.