మేకు దిగని చోటు

దానమ్మ చెవిన పడింది ఒక్క ముక్క. ఇరవై రెండు గుండెలు ముక్కలవడానికి అది చాలు.

"సోమారం బోర్డు ఇప్పీస్తారట," అంది, తనతో పాటు జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్లతో. "భవానమ్మ ఫోన్లో సెప్తుంటే నా సెవులారా ఇన్నాను."

బోర్డు విప్పడమంటే పలాస చుట్టుపక్కల ఒకటే అర్థం: ఫ్యాక్టరీ మూత. నమ్మకపోవడానికి కారణమూ లేదు. రెండు నెలల కిందటే తిత్లీ తుపాను జీడితోటల్ని నేలమట్టం చేసింది. జీడిపిక్కలు లేవు, ఇక పిక్కబలం చూపించాల్సింది కూలీలే. దానమ్మకి ఇది తప్ప మరో పని రాదు. 'ఇక్కడ మన పప్పులు ఉడకవు' అనుకుంది.

సోమవారం పొద్దున్నే అందరూ గేటు దగ్గర బోర్డు కింద బైఠాయించారు. ఇంజినీరు బెన్హర్ వచ్చాడు. బోర్డు వంక కన్నెత్తి చూడకుండా, రెంచీలు పట్టుకుని షెడ్డులోకి పోయాడు. యజమానురాలు దుర్గాభవాని, తాపీమేస్త్రి సోములు అతని వెనకే. ఇదేం చోద్యమని దానమ్మా వెళ్లింది.

ఐదేళ్ల కిందట ఈ షెడ్డు గీసింది బెన్హరే. మధ్యలో స్తంభాలు వద్దన్నాడు. తూర్పు గోడకి ఇటుకలు వాడకుండా, తేలికపాటి సిమెంటు పలకల్ని ఇనుప కమ్ములకి బోల్టులతో బిగించాడు. రేపు జీడి పోయి ఇంకో పని వస్తే బోల్టులు విప్పితే చాలు, పూటలో గోడ పోయి గుమ్మం వస్తుందన్నాడు. ఆ రేపు ఇవాళే వచ్చింది. గోడ మాత్రం అద్దంలా ఉంది. ఒక్క బోల్టూ కనిపించలేదు.

"బోల్టులేవీ మేస్త్రీ?"

"కప్పీసినాను బాబూ!" సోములు గర్వంగా మీసం తడిమాడు. "నువ్వెల్లిన మర్నాడే, రెండేపులా నున్నగా పూసీసినాను. పని అయిపోనాక భవానమ్మ నాకు పంచె పెడతాది గదా, బొడిపెల గోడ సూపించి పంచె ఎలా పుచ్చుకుంతాను? సిమెంటు కూడా నాదే!"

ఇంజినీరు నీరుగారిపోయాడు. నక్షా ఉంది గానీ, బిగించేటప్పుడు పలకలు జానెడు అటూ ఇటూ జరిగాయి. గుడ్డిగా కొడితే పగులుతాయి. తోటలు మళ్లీ కాసిన్నాడు తిరిగి బిగించుకోవడానికి ఏమీ మిగలదు.

"మద్దేనానికి థామస్ గారొస్తారు," అంది భవాని. "లారీ తిన్నగా లోపలికి రాకపోతే ఇంకో షెడ్డు సూసుకుంతానన్నారు."

థామస్ ఎవరో దానమ్మకి తెలీదు, తెలుసుకునే ఓపికా లేదు.

"మూసీసే ఫ్యాక్టరీకి లారీ ఏటమ్మా! మాయదారి గోడ, కారియరు సంచీ తగిలించుకుందామంటే మేకు దిగీది కాదు. అసిరమ్మవి మూడు వంగిపోనాయి, నాయి రెండు!"

బెన్హర్ గిరుక్కున తిరిగాడు. "ఎక్కడ వంగాయి పిన్నీ?"

"ఏటి ఎక్కడ? ఇదిగో, ఇక్కడ. బెత్తెడు పక్కకి జరిపితే దిగిపోనాది."

బెన్హర్ అక్కడే సుత్తితో మెల్లగా పూత రాల్చాడు. అరచేయంత ఇనుప బిళ్ల, దాని నడుమ బోల్టు తల.

గేటు దగ్గర కూర్చున్న వాళ్లందర్నీ పిలిచారు. ఎవరి మేకు ఎక్కడ మొండికేసిందో వాళ్లకి కంఠతా వచ్చు. సుద్దముక్కతో సున్నాలు చుట్టారు. సోములే చెక్కాడు, ప్రతి దెబ్బా తన వీపున పడ్డట్టు మొహం పెడుతూ. పదకొండింటికి మొదటి పలక దిగింది. ఆ సందులోంచి కూలిన తోట కనిపించింది.

"గోడా ఇప్పీసినారు," అంది దానమ్మ. "ఇంక బోర్డు ఎప్పుడు ఇప్పుతారో సెప్పీయండి."

"బోర్డేటే?" భవాని తెల్లబోయింది.

"ఫోన్లో సెప్పినారు గదా, సోమారం బోర్డు ఇప్పుదామని!"

భవాని నెత్తి కొట్టుకుంది. "బోల్టులన్నానే తల్లీ, బోల్టులు! ఇనండర్రా, బోర్డు ఎక్కడికీ పోదు. కూలిన పనస, మామిడి సెట్లు ఇక్కడే కోయడానికి థామస్ గారు రంపం మిషన్లు ఎట్టిస్తారు. మీ ఇరవై రెండు మందికీ పనివ్వాలని ముందే ఒప్పించినాను. పని వేరు, అంతే. పప్పు పొట్టు బదులు రంపం పొట్టు ఎత్తుతారు."

వెనక వరసలో అసిరమ్మకి సగమే వినపడింది. "ఏటంతన్నాది?"

"బోర్డు కాదట, బోల్టట!" దానమ్మ షెడ్డంతా వినిపించేలా అరిచింది. "పనుందట! పొట్ట నిండాలి గానీ ఏ పొట్టయితే ఏటే? రా, ఆ పలక ఓ సెయ్యి పట్టు!"