కరుణమ్మ కట్టిన చట్రం

కువైట్‌లో ఎగైలాలోని ఆ ఇంట్లో పెద్ద మామాను లేపి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, పడుకోబెట్టడం పదేళ్లుగా కరుణమ్మ పని. యజమానురాలిని మామా అంటారు, పెద్ద మామా అంటే ఆమె తల్లి. పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే కదులుతుంది. కరుణమ్మది రాజోలు దగ్గర పల్లె. గట్టి మనిషి. ఆమె చేతుల్లోకి వచ్చిందంటే ముసలామె మొహంలో భయం పోయేది.

పని పెరిగింది, ఇంకో మనిషి కావాలని మామా అన్నప్పుడు, కరుణమ్మ తన తమ్ముడు ఏసురత్నం కూతురు షైనిని రప్పించింది. విమానాశ్రయానికి తనే వెళ్లి తీసుకొచ్చింది. ఆ పిల్లకు అరబిక్ మాటలు నేర్పింది, ముసలామెను ఏ పక్క నుంచి పట్టుకోవాలో నేర్పింది. గదిలో ఉన్న ఒక్క మంచం ఆ పిల్లకిచ్చి తను కింద పడుకుంది.

ఒకరోజు షైని పెద్ద మామాను బాత్రూంలో కుర్చీ మీద కూర్చోబెట్టి, ఫోన్ మోగితే బయటికి వెళ్లింది. ముసలామె జారి పడింది. ఆ చప్పుడుకి వంటింట్లోంచి కరుణమ్మ పరుగెత్తుకొచ్చింది. సబ్బునీళ్ల మీద నిలబడి, ఒక్కతే ఆమెను పైకి లేపబోయింది. నడుములో ఏదో పటుక్కుమంది. ఇద్దరూ కలిసి గచ్చు మీద పడ్డారు.

మామా వచ్చేసరికి కనిపించింది అదే. తడి నేల మీద కరుణమ్మ, ఆమె మీద చెయ్యి విరిగి మూలుగుతున్న తన తల్లి. గుమ్మంలో షైని నిలబడి ఉంది.

"అత్త ఎత్తబోయి వదిలేసింది మామా. నడుం బలం లేదు. నేను చేస్తానంటే వినలేదు" అంది షైని.

కరుణమ్మకు నొప్పితో నోరు పెగల్లేదు. కింద నుంచి మేనకోడలి మొహంలోకి చూసింది. షైని చూపు తిప్పుకుంది.

మామా చెడ్డది కాదు. కరుణమ్మను ఇండియా పంపలేదు. రిగ్గైలో ఉన్న తన చెల్లెలి ఇంటికి ఆమె ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, మార్పించింది. "నీ వయసైపోయింది కరుణా. అక్కడ ఇస్త్రీ పని చేసుకో. బరువు పనులు ఖలాస్" అంది. కరుణమ్మ జరిగింది చెప్పబోయింది గానీ, తల్లి ఆసుపత్రిలో ఉండగా మామా ఎవరి మాటా వినే స్థితిలో లేదు. పెద్ద మామా ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆమె పని మొత్తం షైని చేతికి వచ్చింది.

రిగ్గై ఇంట్లో కరుణమ్మ గది డాబా మీద, నీళ్ల ట్యాంకుల పక్కన. ఆ ఇంటి డ్రైవరు ఆంజిది రాయచోటి. నెమ్మదస్తుడు. కరుణమ్మను క్లినిక్‌కి తీసుకెళ్లింది అతనే. అక్కడ వ్యాయామం చేయించే మలయాళీ అమ్మాయి గోడకు బిగించిన కమ్మీలు పట్టుకుని ఎలా వంగాలో, ఎలా లేవాలో చూపించింది. నడుము పూర్తిగా పోలేదని, రోజూ చేస్తే మునుపటి బలం వస్తుందని చెప్పింది. కానీ వారం వారం క్లినిక్‌కి పంపడానికి కొత్త మామా ఒప్పుకోలేదు.

"అట్లాంటి కమ్మీలు మనమే కట్టుకోవచ్చక్కా" అన్నాడు ఆంజి, తిరిగొచ్చేటప్పుడు. ఫోన్‌లో ఒక వీడియో పెట్టి చూపించాడు. ఎక్కడో అమెరికాలో ఒకాయన నీళ్ల గొట్టాలను, వాటిని కలిపే ఎల్బోలు, టీలతో మరలు తిప్పి బిగించి, తన షెడ్డులో వ్యాయామ చట్రం కట్టుకున్నాడు. దానికి వేలాడుతున్నాడు, దాన్ని పట్టుకుని గుంజీలు తీస్తున్నాడు.

కరుణమ్మ దాన్ని మళ్లీ మళ్లీ చూసింది.

"ఇది కట్టుకుంటే మనిషిని ఎత్తే బలం వత్తాదా?"

"ఎవర్ని ఎత్తాలక్కా నువ్వు?"

"పెద్ద మామాని. ఆ షైని ఎదురుగా ఎత్తాలి. ఎత్తి, దాన్ని ఆ ఇంట్లోంచి పంపెయ్యాలి."

ఆంజి ఉలిక్కిపడ్డాడు. "సొంత తమ్ముని కూతురు గదక్కా. దేవునికి ఇడిచిపెట్టు."

"దేవుడికి బోలెడు పనులున్నాయి. ఇది నేను చూసుకుంటాను."

వీడియోలో ఆయన ఒకే షాపుకి వెళ్లి అన్నీ బుట్టలో వేసుకుని వచ్చేశాడు. కువైట్‌లో అలా కుదరలేదు. రిగ్గైలో ఏ దుకాణం చూసినా ప్లాస్టిక్ గొట్టాలే. ఇనుప గొట్టాలున్న చోట ఎల్బోలు లేవు. ఎల్బోలున్న చోట గొట్టాన్ని కిందికి బిగించే ఫ్లాంజ్ లేదు. మధ్యలో మరలున్న గుండ్రటి ఇనుప బిళ్ళ అది. దాన్ని ఏమంటారో అరబిక్‌లో తెలియక కరుణమ్మ అరచెయ్యి చాపి, దాని మీద రెండో చేతి వేలు నిలబెట్టి చూపించేది. ఒక దుకాణదారు స్నానాల గదిలో నీళ్లు పోయే జాలీ తెచ్చిచ్చాడు. ఇంకొకడు కుళాయి చూపించాడు. కొత్త మామా సామాన్ల కోసం ఎప్పుడు బయటికి పంపినా ఆంజి దారి మళ్లించి ఒక కొత్త దుకాణం ముందు ఆపేవాడు.

ఫ్లాంజులు చివరికి శుక్రవారం సంతలో, పాత ఇనుము పరిచిన ఒక పాకిస్తానీ దగ్గర దొరికాయి. అతని పేరు మెహతాబ్. పాత భవనాలు కూల్చిన చోట నుంచి తెచ్చిన సామాను అది. కరుణమ్మ అక్కడే కూర్చుని, వెంట తెచ్చుకున్న గొట్టం పెట్టి తిప్పి చూసింది. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"దీని మరలు వేరు బాజీ. ఇది అమెరికా రకం, నీ గొట్టం ఇంకో రకం" అన్నాడు మెహతాబ్ ఉర్దూలో. "దేనికిది? నీళ్ల ట్యాంకుకా?"

"ఒకదాన్ని ఇంటికి పంపడానికి" అంది కరుణమ్మ, వచ్చీరాని హిందీలో.

మెహతాబ్‌కి అర్థం కాలేదు. కానీ ఆ మొహం చూసి ఇంకేమీ అడగలేదు. ఆమె కొన్న గొట్టాలు తీసుకుని, వాటి కింది కొసలకు కొత్తగా మరలు కోయించి, మరుసటి శుక్రవారం ఇచ్చాడు.

డాబాకి రంధ్రాలు పెట్టడానికి వీల్లేదు. ఆంజి మందపాటి చెక్క పలకలు తెచ్చి, వాటికి ఫ్లాంజులు బిగించాడు. వాటిలో నిలువు గొట్టాలు, పైన ఒక అడ్డ గొట్టం, నడుమెత్తున రెండు పక్కలా పట్టుకోవడానికి రెండు గొట్టాలు. కరుణమ్మే రెంచి పట్టుకుని ప్రతి కీలూ బిగించింది. బిగిసిందని ఆంజి అన్నాక కూడా ఇంకొంచెం బిగించింది.

ఎండ రాకముందే లేచి మొదలుపెట్టేది. మొదట్లో కమ్మీలు పట్టుకుని సగం కూర్చుని లేవడమే గగనంగా ఉండేది. తొందరపడి ఒకరోజు బియ్యం బస్తా ఎత్తబోయి మళ్లీ మంచాన పడింది. "సచ్చిపోతావక్కా, పగ తీరకుండానే సచ్చిపోతావు" అని ఆంజి తిట్టాడు. ఆ మాటకు మాత్రం ఆమె లోబడింది. క్లినిక్ అమ్మాయి చెప్పినట్టు నెమ్మదిగా పెంచుకుంటూ పోయింది. చిన్న సంచిలో ఇసుక పోసి ఎత్తింది. ఇసుక పెంచింది. వేసవి వెళ్లి చలి వచ్చేసరికి పెద్ద గోతాం నిండింది. దాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ముందు నిలబడి, మోకాళ్లు వంచి, రెండు చేతులూ దాని వెనక్కి పోనిచ్చి, గుండెకు హత్తుకుని లేపేది. లేపిన ప్రతిసారీ పళ్ల మధ్య నుంచి ఒకే పేరు వచ్చేది.

ఒక శుక్రవారం సిటీలో తెలుగు వాళ్ల ఆరాధనకు వెళ్లింది. షైని అక్కడ సాక్ష్యం చెబుతోంది. కొత్త సిల్కు చీర కట్టుకుని మైకు పట్టుకుంది. "నేను చిన్నదాన్నయినా దేవుడు నన్ను హెచ్చించాడు. ఆ ఇంట్లో పెద్ద పని నా చేతికిచ్చాడు" అంది. అందరూ ఆమేన్ అన్నారు. వెనక వరసలో కరుణమ్మ పెదవులు కదల్లేదు.

ఆరాధన అయ్యాక షైని నలుగురి ముందూ వచ్చి ఆమె నడుం మీద చెయ్యి వేసింది. "ఎలాగుంది అత్తా? రోజూ నీ గురించి ప్రార్థన చేత్తన్నాను."

"తగ్గుతుందే. నీ గురించే తగ్గించుకుంటన్నాను" అంది కరుణమ్మ.

షైని నవ్వింది. ఆప్యాయంగా అన్న మాట అనుకుంది.

రంజాను పండక్కి బంధువులంతా ఎగైలా ఇంట్లో కలుస్తారు. వంటింట్లో సాయానికి కొత్త మామా కరుణమ్మను వెంట తీసుకెళ్లింది. ఆడవాళ్ల హాలు నిండిపోయింది. మునిమనవలతో ఫోటో కోసం పెద్ద మామాను చక్రాల కుర్చీలోంచి సోఫాలోకి మార్చాలన్నారు. షైనికి తోడు పట్టే ఇంకో పనిమనిషి సెలవు మీద వెళ్లింది. షైని ఒక్కతే ముందుకొచ్చి చంకల కింద పట్టుకుని లాగింది. కుర్చీ వెనక్కి జారింది. ముసలామె గొంతులోంచి ఒక కూత వచ్చింది. షైని మళ్లీ లాగింది.

కరుణమ్మ చేతిలోని కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టింది. వచ్చి కుర్చీ చక్రాలకు బ్రేకు వేసింది. మోచేత్తో షైనిని పక్కకు నెట్టింది. మోకాళ్లు వంచి, ముసలామె వెనక్కి చేతులు పోనిచ్చి, గుండెకు హత్తుకుని లేచింది. ఒక్క ఊపులో లేచింది. ఎక్కడా తొణకలేదు. రెండడుగులు వేసి సోఫాలో కూర్చోబెట్టి, దిండు సర్దింది. ముసలామె ఎడమ చెయ్యి ఆమె జాకెట్టు చేతిని పట్టుకుంది. అలాగే పట్టుకుని ఉంది.

"వల్లా, కరుణా! నీ నడుం పోయిందన్నారే!" అంది మామా.

"పోయింది మామా. మళ్లీ తెచ్చుకున్నాను."

మామా చెల్లెలి వైపు తిరిగి, నవ్వుతూ, దీన్ని నాకు తిరిగిచ్చెయ్ అంది. చెల్లెలు సరేనంది. హాల్లో అందరూ సంతోషించారు.

"వస్తాను మామా" అంది కరుణమ్మ తనకొచ్చిన అరబిక్‌లో, అందరికీ వినపడేలా. "కానీ ఆ రోజు పెద్ద మామా ఎలా పడిందో షైని చెప్పాక వస్తాను."

నవ్వులు ఆగిపోయాయి. షైని అందుకుంది. "అప్పుడే చెప్పాను కదా మామా, అత్తే..." అంటూ, చేతులకు పని కల్పించుకోవడానికన్నట్టు, ముసలామె భుజం మీద జారిన శాలువా సర్దబోయింది. పెద్ద మామా కరుణమ్మను వదిలి, ఆ ఎడమ చేత్తోనే షైని చేతిని ఫట్‌మని కొట్టింది.

మామా లేచి నిలబడింది. "నువ్వు ముట్టుకుంటే మా అమ్మ ఎందుకు ఏడుస్తోందో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. రోగం అనుకున్నాను. చెప్పు."

షైని కరుణమ్మ వైపు చూసింది. కరుణమ్మ ఆమెనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"ఫోన్ వచ్చింది మామా" అంది షైని నేల చూపులు చూస్తూ. "ఒక్క నిమిషమే బయటికెళ్లాను. ఆ లోపే జారి పడిపోయింది. అత్త తర్వాత వచ్చింది."

మామా గట్టిగా అరవలేదు. "ఖలాస్. టికెట్ తీస్తాను. ఇండియా వెళ్లిపో" అంది.

వంటింట్లో షైని వచ్చి కరుణమ్మ కాళ్లు పట్టుకుంది.

"అత్తా, భయమేసి అలా అనేశాను. నన్ను పంపేత్తారని భయమేసింది. నువ్వొక మాట చెబితే మామా వింటాది. ఊళ్లో మొహం ఎలా చూపించను?"

"లెగు."

"లెగను. చెప్తానను."

కరుణమ్మ వంగలేదు. "ఆ రోజు బాత్రూంలో నేనూ కింద నుంచి నీ మొహం చూశానే. మాట రాలేదు నాకు. నిజం చెబుతావేమోనని చూశాను. నువ్వు చూపు తిప్పేసుకున్నావు. భయమేసిందంటే నమ్ముతాను. మరి మైకు పట్టుకున్నప్పుడు కూడా భయమేసిందా?"

షైని ఏడుస్తూనే ఉంది. కరుణమ్మ కాళ్లు విడిపించుకుని, పెద్ద మామాకు గంజి కలుపుకుని హాల్లోకి వెళ్లింది.

పండగ సెలవులయ్యాక షైని వెళ్లిపోయింది. సూట్‌కేసు కారులో పెడుతుంటే కరుణమ్మ మేడ మీది కిటికీ దగ్గర నిలబడి చూసింది. జాలి వస్తుందేమోనని, కారు సందు మలుపు తిరిగేదాకా చూసింది. రాలేదు.

ఆ సాయంత్రం ఏసురత్నం ఫోన్ చేశాడు. అక్కా అని కూడా పిలవలేదు.

"నీ తోడబుట్టినోడి కూతురే కదా. ఆ సంబంధమన్నా చూడలేదా?"

"చూశానురా. అందుకే దాన్ని తెచ్చాను. చూడంది అది."

"నువ్వు చచ్చినా నీ గుమ్మం తొక్కను."

"సరే" అంది కరుణమ్మ. ఫోన్ బల్ల మీద పెట్టి, పెద్ద మామాకు పక్క వెయ్యడానికి వెళ్లింది. ముసలామె అప్పటికే ఎడమ చెయ్యి చాపి ఎదురుచూస్తోంది.