గుడ్డు గిరి

"గుడ్డు ఉడికిందా?" వాకిట్లోంచే అడిగాడు కిరుండ. ఉడికింది. నైగగ ఒలిచి, మోకాళ్ల మీద కూర్చుని భర్తకు కంచం అందించింది. రెండోది ఉడకేయకుండా, రేపు ఆయనకే కదా అని బుట్టలో దాచింది. నాలుగేళ్ల కగోయ చిలగడదుంప నములుతూ నాన్న నోటివంకే చూస్తోంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్త చెప్పిన మాట నైగగ చెవిలో ఇంకా అలాగే ఉంది. "మన బసోగ తెగవాళ్ల ఇళ్లలో గుడ్డు మగవాళ్లదే కోడలా. ఆడది నోట పెడితే నలుగురూ నవ్విపోతారు."

"ఇంక బయల్దేరు, గెంతడానికి," అన్నాడు కిరుండ మూతి తుడుచుకుంటూ. "జీతం బత్తెం లేకుండా పిల్లలతో గెంతడం కూడా ఒక పనేనా?" తెల్లారినప్పటినుంచీ నైగగ నీళ్లు మోసింది, వాకిలి ఊడ్చింది, కర్రపెండలం ఎండబోసింది. వాటికి మాత్రం ఎవరిచ్చారు జీతం? కూతుర్ని చంకనేసుకుని దాదాపు పరుగెత్తింది. రోజు మొత్తంలో ఆమె ఇష్టంగా చేసే పని అదొక్కటే.

మామిడిచెట్టు కింది ఊరి బడిలో ముప్పైమంది పిల్లలు అప్పటికే గోలగోలగా ఉన్నారు. నైగగ బూడిదతో మూడు గిరులు గీసింది. బలం గిరి, ఎదిగే గిరి, రోగాల్ని తరిమే గిరి. తను తిండి పేరు అరవాలి, పిల్లలు సరైన గిరిలోకి దూకాలి. తప్పితే కప్పగంతులే. పోయిన వారం నర్సు వచ్చి ఎవరికి తిండి చాలడంలేదో చూడ్డానికి అందరి చేతులకూ రంగుల పట్టీ చుట్టి కొలిచింది. కగోయ చేతికి ఆకుపచ్చ రావలసింది పసుపు వచ్చింది. "టీచరమ్మ బిడ్డే ఇలా ఉంటే ఎలాగమ్మా? ఎరుపులోకి జారితే ఆస్పత్రే," అంది నర్సు. నైగగకు తల కొట్టేసినట్టయింది.

"మొక్కజొన్న ముద్ద!" అరిచింది. దుమ్ము లేచింది. "మామిడిపండు!" కేకలు, తోపులాట, నవ్వులు. నైగగకూ ఒళ్లంతా ఉత్సాహమే. "గుడ్డు!"

మగపిల్లలు ఎదిగే గిరిలోకి దూకారు. ఆడపిల్లలు ఒక్కరూ కదల్లేదు.

"ఏమైందే మీకు? నిన్ననేగా చెప్పాను!"

"గుడ్డు మాది కాదుగా అమ్మా," అంది కగోయ. "అబ్బాయిలది."

నైగగకు అప్పుడు తట్టింది. పిల్లలు పాఠం మర్చిపోలేదు. ఇంకో పాఠం బాగా నేర్చుకున్నారు. అది రోజూ పొద్దున్నే కగోయకు నేర్పుతున్నది తన చేతులే. సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్లు మండింది.

"ఈ గిరి ఎవరిది?"

"ఎదిగేవాళ్లది!"

"మరి మీరు ఎదగరా?"

"ఎదుగుతాం!"

"అయితే గుడ్డూ!"

కగోయ అటూ ఇటూ చూసి ఒక కాలు లోపల పెట్టింది. అంతే, వెనకాల మిగతావాళ్లంతా వచ్చి పడ్డారు. గిరి చెరిగిపోయింది, పాదాలన్నీ బూడిద. "నువ్వూ రా అమ్మా!" అని కగోయ చెయ్యి పట్టి లాగింది. నైగగ బట్ట ఎగదోపి, చిన్నపిల్లలా కెవ్వున అరుస్తూ దూకింది.

మధ్యాహ్నం ఇంటికి రాగానే బుట్టలోని గుడ్డు ఉడకేసింది. కిరుండ ముందు ముద్దా చిక్కుళ్లూ పెట్టి, పొయ్యిలోని చల్లారిన బూడిద తీసి వాకిట్లో గిరి గీసింది. నడుమ నిలబడి గొంతెత్తి అరిచింది. "గుడ్డూ!"

కగోయ ఎక్కడినుంచో బాణంలా వచ్చి పడింది.

"ఏం పిచ్చే ఇది?" వేరుశనగలు ఒలుస్తున్న అత్త లేచి నిలబడింది. "నలుగురూ నవ్విపోతారే!"

"నవ్వనీ అత్తా. పిల్ల చెయ్యి పసుపులో ఉంది." గుడ్డు రెండు చేసి సగం కూతురి నోట్లో పెట్టింది.

"సరేలే, ఆ సగం ఇటు తే," కిరుండ కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపాడు.

నైగగ ఆ సగం తన నోట్లో వేసుకుంది. తొమ్మిదేళ్లుగా గుడ్లు ఒలుస్తోంది, పచ్చసొన ఇంత మెత్తగా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

"రేపు కూడా ఉడకేస్తాను," అంది నిండు నోటితో. "కావాలంటే లేచి గిరిలోకి రా."