కొంగున తాళంచెవి

చీరను మోకాలిమీద పరుచుకుని, పూలపని వెనక వేలాడే దారాలను నర్సవ్వ చిన్న కత్తెరతో తుంచుతోంది. బొటనవేలు కాయకాసి పసుపురంగు తిరిగింది. ఒక కన్ను దారం మీద, ఒక కన్ను కూతురు చాందిని మీద. కొంగున పాత ఇనుప తాళంచెవి. చాందినికి మూర్ఛ వస్తే గుప్పిట్లో పెట్టడానికి. దాని తాళం ఎప్పుడో పోయింది.

లాక్‌డౌన్‌లో, వాళ్ళు బతకవచ్చిన జోల్వాలో మగ్గాలు ఆగి, దవాఖానాలన్నీ కరోనాకే సరిపోయిన రోజుల్లో చాందిని ఫోన్‌లో ఒక గ్రూపులో చేరింది. అంతా ఫిట్స్ వచ్చే తెలుగువాళ్ళే. ఏ మాత్రకు మత్తు, ఎవరికి ఊరికే ఏడుపు, అన్నీ చెప్పుకుంటారు. కరీంనగర్ వీణ మాటంటే చాందినికి వేదం. పక్కకు తిప్పి పడుకోబెట్టాలట, చేతిలో ఇనుము పెట్టినా లాభం లేదట. ఇన్నేళ్ళు నురుగు తుడిచింది తను. అక్క అయింది ఆమె. సవతి లేని నర్సవ్వకు ఫోన్‌లో సవతి దొరికింది.

ఇవాళ చాందిని సలాబత్‌పురా బజారులో చీరల ప్యాకింగ్ పనిలో చేరుతోంది. తానూ వచ్చి దుకాణం ముందు కూర్చుంటానంది నర్సవ్వ. పిల్ల తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళింది.

చాందిని ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. నర్సవ్వకు చదువు అంతంతే గానీ, ఎక్కడ నొక్కితే గొంతు వినిపిస్తుందో తెలుసు. ఆ వీణ ఏం నూరిపోస్తోందో విందామని నొక్కింది. వినిపించింది కూతురి గొంతు.

"వీణక్కా, ఫిట్స్ వచ్చినంక కండ్లు తెరిస్తే ముందుగాల మా అవ్వ ఏడ్సే మొఖమే కనవడ్తది. గా మొఖం సూస్తే నేను సచ్చిపోయిన్నేమో అనిపిస్తది. ఆమెకెట్ల చెప్పాలె?"

నర్సవ్వ ఫోన్ బోర్లించి పెట్టింది. అంత మాట తనకు చెప్పకుండా, ముఖమైనా చూడని మనిషికి చెప్పింది.

చాందిని తయారై వచ్చేసరికి నర్సవ్వ ముక్కు మీదికంటా మాస్కు లాక్కుని ఉంది.

"ఇంట్ల మాస్కేంది అవ్వా? నువ్వూ వస్తున్నవా?"

"కరోనా గదా. నాకు చీరలున్నయి, నువ్వు పో." అన్నం డబ్బా అందించింది. "దిగినంక మీ వీణక్కకు ఫోన్ చెయ్యి." చెప్పులు ముందుకు జరిపి, "జర నాక్కూడ చెయ్యి బిడ్డా," అంది.

చాందిని ఆ కళ్ళలోకి ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

సందు మలుపు తిరగగానే నర్సవ్వ మనసు బస్సులో పిల్లను పడేసింది, జనాన్ని చుట్టూ మూగించింది. గడప దాకా ఉరికి, ఆగింది. చెయ్యి కొంగుముడి మీద ఉంది. విప్పబోతే రాలేదు. కత్తెరతో కోసింది.

తుంచిన దారాల కుప్ప మీద తాళంచెవి, దాన్ని ఇంకా వదలని కొంగు పీలిక.