ఆరో పిన్ను

వీధిలో అతన్ని పళ్ళ మేస్త్రి అంటారు. పళ్ళు పీకేది డాక్టర్లు, కట్టేది ఇతను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ల్యాబులో కూర్చుని, డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనం పోసి, పళ్ళు పేర్చి, చిగుళ్ళు దిద్ది, ముక్కూమొహం తెలియని వాళ్ళ నవ్వులు తయారుచేస్తాడు. ఇంటికొచ్చాక అవే పనిముట్లతో బాంబులు తయారుచేస్తాడు.

కంగారు పడనక్కర్లేదు. ఒక్కో బాంబు చిటికెనవేలంత ఉంటుంది. బొమ్మ విమానాల రెక్కల కింద తగిలించేవి. విమానం ముక్కలు పెట్టెలో పెట్టి అమ్ముతారు, తెచ్చుకుని అతికించుకోవడమే. అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు. కానీ పెట్టెలో వచ్చే బాంబులు మేస్త్రి కంటికి ఆనవు. "ఇవి బాంబులా, దోసకాయలా?" అని వాటిని చెత్తబుట్టలో పడేసి, కట్టుడు పళ్ళకు వాడే అక్రిలిక్ కడ్డీని డ్రిల్లుకు బిగించి, తిప్పుతూ, సానకాగితంతో తనే చెక్కుకుంటాడు. తోక రెక్కలు డబ్బా మూత రేకులోంచి వస్తాయి. వేలాడదీసే కొక్కేలు పళ్ళ క్లిప్పులు కట్టే తీగలోంచి వస్తాయి. కొక్కెం పక్కన ఉండే స్క్రూ తలకు గాడి కూడా పెడతాడు. రెక్క కింద, బాంబు పైన, నీడలో ఉన్న ఆ గాడి కనబడాలంటే చూసేవాడు చీమ అయినా అయ్యుండాలి, జన్మంతా ఆ కొక్కేలే బిగించినవాడైనా అయ్యుండాలి.

"ఎవరికి కనిపిస్తుందండీ ఇదంతా?" అంటుంది భార్య.

"ఉందని నాకు తెలుసుగా."

"పిచ్చి కుదిరింది, తలకు రోకలి చుట్టమన్నాడట," అని ఆవిడ తన ఎర్ర గోళ్ళరంగు సీసా వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. ఆ సీసా ఎప్పుడూ ఇతని బల్ల మీదే ఉంటుంది.

ఈసారి కడుతున్న విమానం మాత్రం ఏదో ఒకటి కాదు. మామగారి విమానం.

మామగారు పైలట్ ఏమీ కాదు. వైమానిక దళంలో ముప్ఫై ఏళ్ళు రెక్కల కింద పనిచేసిన మనిషి. బాంబులు తగిలించేవారు. కొందరి నోట్లో నువ్వుగింజ నానదంటారు. మామగారి నోట్లో నువ్వుల బస్తా పోసినా నాని మొలకెత్తాల్సిందే గాని మాట బయటకు రాదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో అల్లుడు ఎన్ని విమానాలు చూపించినా, ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఊఁ" అని తిరిగి ఇచ్చేసేవారు. ఆ "ఊఁ"లో ఉన్నది మెచ్చుకోలో అజీర్తో ఇంతవరకు తేలలేదు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఆయన నోట "బాగుంది" అనిపించుకోవాలని మేస్త్రికి ఉంది. అడిగితే లేదంటాడు గాని, ఉంది.

నెల కిందట మామగారి పళ్ళన్నీ తీసేశారు. కొత్తవి కట్టేది ఎలాగూ అల్లుడే కాబట్టి ఆయన పెట్టెతో సహా కూతురింట్లో దిగారు. ఆ పెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన కాగితం కింద కూతురికి ఒక ఫోటో దొరికింది. మీసం నల్లగా ఉన్న రోజుల్లో నాన్న, విమానం రెక్క పక్కన నిలబడి, ఎర్ర రిబ్బన్ల గుత్తి పైకెత్తి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. వెనకాల "పాప పుట్టిన రోజు" అని రాసి ఉంది. ఆ పాప తనే.

"మా నాన్న ఇలా నవ్వగా నేనెప్పుడూ చూళ్ళేదు," అంటూ తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది.

మేస్త్రి ఆ ఫోటోను భూతద్దం కింద పెట్టి మూడు వారాలు చదివాడు. రిబ్బన్ల సంగతి అతనికి తెలుసు. విమానం నేల మీద ఉన్నంతసేపూ ఒక్కో బాంబు కొక్కేనికి ఒక్కో పిన్ను గుచ్చి ఉంటుంది. పిన్ను ఉన్నంతవరకు పైలట్ ఏ మీట నొక్కినా కొక్కెం తెరుచుకోదు. ఎగిరే ముందు పిన్నులన్నీ లాగేసి, వాటి రిబ్బన్లు గుత్తిగా పట్టుకుని, ఇదిగో తీసేశానని పైలట్‌కు ఎత్తి చూపించాలి. ఫోటోలో బాంబులు ఆరు. గుత్తిలో రిబ్బన్లు ఐదు. ఆరోది ఏదని గాలిస్తే, చివరి బాంబు పైన, రెక్క నీడలో, సూదిమొనంత ఎరుపు కనబడింది. పని మధ్యలో తీసిన ఫోటో కాబోలు అనుకున్నాడు మేస్త్రి. అనుకుని, ఉన్నది ఉన్నట్టు అచ్చు గుద్దినట్టు దించాడు. తలవెంట్రుకంత తీగ వంచితే పిన్ను. మాత్రల పట్టీ రేకును సన్నగా కోసి గోళ్ళరంగు పూస్తే రిబ్బను. బొటనవేలంత మామగారిని చేసి రెక్క పక్కన నిలబెట్టి, ఎత్తిన చేతికి ఐదు రిబ్బన్లు అంటించి, ఆరోది బాంబుకే గుచ్చాడు.

శనివారం పొద్దున మామగారి పళ్ళు సిద్ధమయ్యాయి. మేస్త్రి వాటిని నోట్లో అమర్చి, కొరకమన్నాడు, నమలమన్నాడు, ఏదైనా మాట్లాడమన్నాడు. మామగారికి మాట్లాడటానికేమీ తోచలేదు. ఇదే అదనని మేస్త్రి విమానం తెచ్చి ఆయన ముందు పెట్టి, భూతద్దం దీపం వెలిగించాడు. ఆయన వంగి చూశారు. "ఊఁ" అనడానికి పట్టే సమయం దాటిపోయింది. మేస్త్రి చెవులు రిక్కించాడు.

"ఆ పిన్ను తీసెయ్యండి," అన్నారు మామగారు.

కొత్త పళ్ళతో ఆయన పలికిన మొదటి మాట అది. ఉచ్చారణలో వంక పెట్టడానికి లేదు.

"ఫోటోలో ఉందండీ, మావయ్యగారూ."

"ఉంటే ఉండనివ్వండి. తీసెయ్యండి."

"వచ్చే వారం దీన్ని బొమ్మ విమానాల ప్రదర్శనలో పెట్టాలండీ. ఫోటోకీ బొమ్మకీ తేడా వస్తే..."

"రేపు వాడొస్తాడు, అల్లుడుగారూ."

వాడంటే మూడుసార్ల బాబాయి. మామగారితో పాటు పనిచేసిన స్నేహితుడు, ఇదే ఊళ్ళో ఉంటాడు. సర్వీసులో ఉన్నప్పటి నుంచీ ఇద్దరికీ ఆదివారమంటే చదరంగమే. మామగారు దిగిన దగ్గర్నుంచి మళ్ళీ ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఏ పని చేసినా మూడుసార్లు చూసుకోనిదే ఆయనకు ప్రాణం కుదుటపడదు. స్కూటరు స్టాండు మూడుసార్లు తన్ని చూస్తాడు, గేటు గడియ మూడుసార్లు లాగి చూస్తాడు, కుళాయి మూడుసార్లు బిగిస్తాడు. ఆ పేరు పెట్టింది మేస్త్రి భార్యే, చిన్నప్పుడు. ఆయన ఎదుటే పిలిచినా నవ్వుతాడు.

"బాబాయిగారు చూస్తే ఏమవుతుందండీ?"

మామగారు కొత్త పళ్ళను నాలుకతో ఒక చివర నుంచి ఇంకో చివరకు తడుముకున్నారు.

"ఐదు లాగాను. ఆరోదాని మీద చెయ్యేశాను. ఇంతలో వాడు కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు, ఆడపిల్లరా, టెలిగ్రామొచ్చిందిరా అని. చేతిలో కెమెరా. నవ్వరా అన్నాడు, నవ్వాను. గుత్తి ఎత్తాను. పైలట్ సరే అన్నాడు. ఎవరూ లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు."

విమానం సాధన మైదానం మీద ఐదు బాంబులు వేసింది. ఆరోది ఊడలేదు. దాన్ని మోసుకుంటూ తిరిగొచ్చి దిగింది. అలా దిగినప్పుడు అందరూ దూరంగా పోవాలి, మామగారు ఒక్కరే దగ్గరికి పోవాలి. పోయి మొట్టమొదట చేయాల్సిన పని, పిన్ను గుచ్చడం.

"గుచ్చుదామని వెళ్తే అక్కడే ఉంది," అన్నారు మామగారు. "రిబ్బను గాలికి చిరిగిపోయింది. కాసేపు దాన్ని పట్టుకుని నిలబడి, వచ్చేసి, గుచ్చేశానండీ అని చెప్పాను."

విచారణ జరిగింది. పిన్ను మీద ఎవరికీ అనుమానం రాలేదు కాబట్టి కొక్కెం మీద పడ్డారు. కొక్కేలు బిగించి, నూనె వేసి, సరిచూసేది బాబాయి. విప్పి చూస్తే లోపమేమీ కనబడలేదు. కనబడని లోపానికి కనబడే మనిషి ఒకడు కావాలి కాబట్టి ఆయన పేరు రాశారు. ప్రమోషను నాలుగేళ్ళు ఆగింది. అదైనా ఆయన పట్టించుకోలేదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది. ఇక విమానం ముట్టుకోనని రాసిచ్చి, సామాన్ల గదికి మారి, మిగిలిన సర్వీసంతా దుప్పట్లు లెక్కపెట్టాడు. ఒక్కో కట్టా మూడేసిసార్లు.

స్కూటరు స్టాండు చూసి తను ఎన్ని ఆదివారాలు నవ్వుకున్నాడో మేస్త్రికి గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"ఎప్పుడైనా చెబుదామనుకున్నారాండీ?"

"ప్రతి ఆదివారం."

పిన్ను తీయడం తప్పేనని మేస్త్రికి తెలుసు. ఫోటో ప్రకారం చూసినా తప్పే, బాబాయి వైపు నుంచి చూసినా తప్పే. కానీ పదకొండేళ్ళలో మామగారు నోరు తెరిచి అడిగిన సాయం ఇదొక్కటే. చిన్న పట్టకారు తీసుకుని, పిన్ను లాగి, ఖాళీ మాత్రల డబ్బాలో వేశాడు. బెజ్జాన్ని మైనంతో పూడ్చి రంగేశాడు. పన్ను పీకిన జాడ కూడా లేదు. మామగారు ఫోటో తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆదివారం పది గంటలకు బయట స్కూటరు స్టాండు మూడుసార్లు చప్పుడైంది, గడియ మూడుసార్లు చప్పుడైంది, బాబాయి లోపలికొచ్చాడు.

"పళ్ళు కుదిరాయిరా! పెళ్ళికొడుకులా ఉన్నావు," అన్నాడు స్నేహితుణ్ణి చూసి.

మేస్త్రి భార్య టీ తెచ్చింది. ఆవిడకు ఈ పిన్నుల గొడవేమీ తెలియదు. "బాబాయ్, నేను పుట్టిన రోజు నాన్న తీయించుకున్న ఫోటో ఉందే, ఈయన దాన్ని బొమ్మ చేసేశారు!" అంది.

"ఆ ఫోటోనా? సరిగ్గా రాలేదన్నాడే మీ నాన్న. రీలు కడిగించింది వాడేగా," అంటూ బాబాయి భూతద్దం ముందు కూర్చున్నాడు.

మామగారు దొంగకు తేలు కుట్టినట్టు చదరంగం బల్ల ముందు కూర్చుని, సర్దిన పావులనే మళ్ళీ సర్దుతున్నారు.

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ!" అన్నాడు బాబాయి. "కొక్కెం స్క్రూకి గాడి కూడా పెట్టావా, అల్లుడూ?"

ఆ గాడిని చూసిన మొదటి మనిషి ఆయన. మామూలు రోజైతే మేస్త్రి కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. బాబాయి మాత్రం తన అలవాటు ప్రకారం మొదలుపెట్టాడు. పెదాలు కదుపుతూ బాంబులు లెక్కపెట్టాడు. బొమ్మ మనిషి చేతిలో రిబ్బన్లు లెక్కపెట్టాడు. మళ్ళీ బాంబులు, మళ్ళీ రిబ్బన్లు. మూడోసారి వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"బాంబులారు. రిబ్బన్లు ఐదే ఉన్నాయేంటి?"

మేస్త్రికి అప్పుడు వెలిగింది. బాంబుకున్న పిన్ను పీకాడు గాని, పీకిన రిబ్బను బొమ్మ మనిషి చేతిలో ఉండాలన్న సంగతి తట్టనే లేదు. ఎవరూ లెక్కపెట్టరనుకున్నాడు. ఆ రోజు మామగారు చేసిందీ ఇదే.

"రాలిపోయి ఉంటుంది బాబాయిగారూ. మరీ చిన్నవి కదా. ఇప్పుడే అంటించేస్తాను."

"అంతే అయ్యుంటుందిలే," అని బాబాయి లేచి, వచ్చి చదరంగం ముందు కూర్చున్నాడు. గండం గడిచింది. ఎత్తు ఎవరిదో కూడా తేల్చుకున్నారు. మామగారిది.

మామగారు బంటు ఎత్తి పట్టుకుని, ఎక్కడా పెట్టకుండా ఉండిపోయారు.

"రాలిపోలేదురా," అన్నారు. "అల్లుడుగారూ, ఆ డబ్బా తెండి. అది ఎక్కడుండేదో అక్కడే పెట్టండి. వాడు చూస్తుండగా పెట్టండి."

జేబులోంచి ఫోటో తీసి బాబాయి ముందు పెట్టారు. మేస్త్రి డబ్బా తెచ్చాడు. మైనం తవ్వి, పట్టకారుతో పిన్ను పట్టుకున్నాడు. వేల నోళ్ళలో వేల పళ్ళు నిలబెట్టిన చెయ్యే. రెండుసార్లు తప్పి, మూడోసారి పిన్ను బెజ్జంలో దిగింది.

"ఇప్పుడు బాగుంది," అన్నారు మామగారు. పదకొండేళ్ళు ఎదురుచూసిన ఆ మాట మేస్త్రికి ఆ పూట చెవిన పడింది గాని, పడిందని రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

బాబాయి భూతద్దంలో బొమ్మను చూశాడు. ఫోటోను చూశాడు. తిప్పి వెనక రాసింది చదివాడు. గుమ్మంలో మేస్త్రి భార్య ఖాళీ ట్రే పట్టుకుని నిలబడిపోయింది.

"అయితే కొక్కెం..." అన్నాడు బాబాయి.

"బాగానే ఉందిరా. నువ్వు సరిగ్గానే బిగించావు."

"సరిగ్గానే బిగించానా?"

"బిగించావు."

బాబాయి తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు, వెనక్కి తిప్పి చూసుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కోపానివో ఊరటవో మేస్త్రికి అంతుపట్టలేదు. బహుశా రెండూ ఉన్నాయి.

"ముప్ఫై ఆరేళ్ళురా," అన్నాడు.

"అవును."

"ఒక్క ఆదివారమైనా..."

మామగారు ఎత్తిన బంటును దాని గడిలోనే తిరిగి పెట్టేశారు.

బాబాయి లేచాడు. టీ తాగలేదు. దాటిపోతూ మేస్త్రి భార్య తల మీద చెయ్యి వేసి నిమిరి, "నీ తప్పేం లేదమ్మా," అన్నాడు. బయటకు వెళ్ళి, స్టాండు ఒక్క తన్నుతో తీసి, స్కూటరు గేటు దాటించాడు. గడియ వేశాడు. లాగి చూడలేదు. వెనక్కి తిరిగీ చూడలేదు. బండెక్కి వెళ్ళిపోయాడు.

స్కూటరు చప్పుడు వీధి మలుపు తిరిగేదాకా మామగారు వరండాలో నిలబడ్డారు. తర్వాత చెప్పులైనా వేసుకోకుండా గేటు దాకా వెళ్ళి గడియ లాగి చూశారు. గట్టిగానే పడింది. మళ్ళీ లాగి చూశారు. నాలుగడుగులు వెనక్కి వచ్చి, ఆగి, మళ్ళీ వెళ్ళి లాగి చూశారు.