ముట్టుకోని రాయి

అడుగంటిన గిన్నె ఒక పట్టాన వదలదు. వాగు ఒడ్డున గొంతుక్కూర్చుని ఆమె ఇసుకతో బరబరా తోముతోంది. భర్త అప్పటికే వెళ్ళిపోయాడు. ఈ కొండబాట నడక మొదలుపెట్టినప్పట్నించీ రోజూ ఇంతే. లేవగానే ఆయనకి టీ కావాలి. తాగడం ఆలస్యం, "నువ్వు నెమ్మది మనిషివి, అన్నీ సర్దుకుని మెల్లగా రా" అంటూ చేతికర్ర ఊపుకుంటూ బయల్దేరతాడు. ఆ తర్వాత టెంటు పీకడం, మంచుకి తడిసినదాన్ని దులిపి మడవడం, గిన్నెలు తోమడం, ఆయన సాక్సులు పిండి బ్యాగుకి వేలాడదియ్యడం, ఇవన్నీ ఈ నెమ్మది మనిషి పనులు.

అసలు తమాషా ఏంటంటే, ఈ నెమ్మది మనిషి ఇంత చాకిరీ ముగించి, పెద్ద బ్యాగు వీపున వేసుకుని కూడా పొద్దెక్కేసరికి ఆయన్ని అందుకుంటుంది. అందుకుని ఏం చేస్తుంది? ఏ బండ చాటునో కూర్చుంటుంది. ఆయన మజిలీ చేరి, బూట్లు విప్పి, కాళ్ళు చాపుకునేదాకా ఆగి, అప్పుడు లేచి రొప్పుకుంటూ వెళ్తుంది. ఆ రొప్పు ఉత్తుత్తిదే. కొత్తలో ఒకసారి తెలియక ఆయన కన్నా ముందు చేరింది. ఆ సాయంత్రం ఆయన తిండి ముట్టలేదు, మర్నాడంతా మాట్లాడలేదు. అప్పట్నించీ రొప్పడం నేర్చుకుంది.

పెద్ద కష్టమేం కాలేదు, చేతికొచ్చిన విద్యే కదా. ఆఫీసులో పై అధికారి గంభీరంగా చదివే రిపోర్టు రాసేది ఈమే. ఆ అధికారి చదువుతుంటే మొదటిసారి వింటున్నట్టు తలాడిస్తుంది. ఇక అత్తగారైతే చుట్టాలందరికీ ఒకటే ఫోన్లు. "మావాడి ఓపికే ఓపిక, దాన్ని కూడా వెంటేసుకుని నడుస్తున్నాడు." నిన్న ఈమెకీ చేసింది. "వాడికి అడ్డం పడకుండా వెనకాలే ఉండమ్మా." "అలాగే అత్తయ్యా" అంది ఈమె. ఇంకేమంటుంది?

అయినా ఈ నడకంటే ఆమెకి ప్రాణం. గిన్నెలు తోమిన దగ్గర్నించి ఆయన వీపు కనబడేదాకా ఉండే ఆ కాస్త దారీ ఆమెది. ఆ కాసేపూ ఆమెని ఎవరూ పిలవరు. ఇవాళ్టితో అదీ ముగిసిపోతుంది. కొండ మీద, బాట ఆగిపోయే చోట, నడుమెత్తు రాయి ఒకటుంది. బాటంతా నడిచొచ్చినవాళ్ళు దాని మీద అరచెయ్యి ఆనిస్తారు. ఆనిస్తేనే నడక పూర్తయినట్టు. దాన్ని తనంతట తను ముట్టుకోవాలి, ఎవరి వెనకాలో ఎవరికో తోడుగానో కాదు. రేపట్నించి మళ్ళీ ఆ వంటగది, ఆ ఆఫీసే. అక్కడ నిలబడి ఇదొక్కటి నాది అనుకోవాలని ఆమె ఆశ.

మధ్యాహ్నం బండ చాటున కూర్చునుంటే, ఒంటరిగా నడుస్తున్న రిటైర్డ్ నర్సు ఒకావిడ వచ్చి పక్కన కూలబడింది.

"రోజూ చూస్తున్నానమ్మాయ్. లేడిలా నడుస్తావు, మీ ఆయన కనబడగానే దాక్కుంటావు. పోలీసులేమైనా వెతుకుతున్నారా?"

ఆమె నవ్వబోయింది, ఏడుపొచ్చింది. "ముందెళ్తే ఆయనకి చిన్నతనంగా ఉంటుందక్కా."

"మరి నీకు?"

ఆ మాట ఇంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు. ఆమె చెప్పులోని రాయి తీస్తున్నట్టు కిందకి వంగింది. నర్సు, "సరేలే తల్లీ. నా మోకాళ్ళు ఇవాళ్టికి చాలన్నాయి, నేను రేపు ఎక్కుతా" అని అక్కడే దుప్పటి పరుచుకుంది.

ఆఖరి ఎక్కుడు మొదట్లోనే ఆయన దారికి అడ్డంగా కూర్చునున్నాడు. మోకాలు వాచింది. ఈసారి దాక్కోడానికి వీల్లేకపోయింది.

"నా బ్యాగు కూడా పట్టుకెళ్ళు. నేను మెల్లగా వస్తా." ఆమె నాలుగడుగులు వేసిందో లేదో మళ్ళీ కేక. "ఇదిగో, నిన్నే! ఆ రాయి మాత్రం ముట్టుకోకు. నేనొచ్చాక కలిసి ముట్టుకుందాం."

"అలాగేనండి."

వీపున ఒకటి, పొట్ట మీద ఒకటి తగిలించుకుని ఎక్కేసింది. పైన గాలి తప్ప ఎవరూ లేరు. చేతులు తగిలి తగిలి రాయి నున్నబడిపోయింది. బ్యాగులు దించి దాని ముందు నిలబడింది. చెయ్యి చాపింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది.

ముట్టుకోవే, ఎవరు చూడొచ్చారు? ఆయన ఎక్కడో కిందున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన అడ్డం, అత్తయ్య అడ్డం, ఆఫీసు అడ్డం అనుకుంది. ఇక్కడ వాళ్ళెవరూ లేరే! మరి ఈ చెయ్యి ఎందుకు కదలదు? తన మీద తనకే అసహ్యం వేసింది. చాలాసేపు అలాగే నిలబడి, చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత కూర్చుని, బ్యాగుకి వేలాడుతున్న ఆయన సాక్సులు ఎండాయో లేదో తడిమి చూసింది.

ఆయన కుంటుకుంటూ వచ్చేసరికి పొద్దు వాలింది. ఆమె వైపు చూడనైనా లేదు. తిన్నగా వెళ్ళి రెండు చేతులూ రాయికి ఆనించాడు. "ఫోటో తియ్యి" అన్నాడు. తీసింది. "ఇంకోటి." తీసింది. కలిసి ముట్టుకుందామన్న సంగతి ఆయనకి గుర్తే లేదు. ఫోటోలన్నీ తీరిగ్గా చూసుకుని, పక్కకి జరిగి, ఎంతో పెద్దమనసుతో అన్నాడు. "రా, నువ్వూ ముట్టుకో."

ఆమె కదల్లేదు.

"నేనిందాకే ముట్టుకున్నాను" అంది.

ఆయన మొహం మాడిపోయింది. "వద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

ఆయన ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. ఆమె తన బ్యాగు వీపున వేసుకుంది. ఆయనది అక్కడే ఉంచింది. గబగబా దిగడం మొదలుపెట్టింది, రొప్పకుండా. వెనక్కి తిరిగి ముట్టుకుందామంటే ఇక వీల్లేదు, ఆయనతో అన్న మాట అబద్ధమని తేలిపోతుంది. ఆ రాయిని ముట్టుకోవడం ఇక ఈ జన్మకి కుదరదు.