గడపకు మొక్కిన దొంగ

జగిత్యాల ఖిల్లా ఎనుక గల్లీల రాజవ్వకు తెల్వకుండ పిల్లి సుత ఈనది. అంగన్‌వాడీల కొలువు అయిపోయినంక ఆమెకు పనే గది. ఎవలింటికి ఎవలచ్చిండ్లు, ఎందుకచ్చిండ్లు, పోంగ మొఖం ఎందుకు మాడ్చుకున్నరు, అన్నీ కావాలె. అసుంటి మనిషికి సద్దుల బతుకమ్మనాడు పొద్దుగాల్నే మంచి ముచ్చట దొరికింది. పక్కింటి గీతోళ్ల ఇత్తడి తాంబాలం పోయింది.

గల్లీ ఆడోళ్లందరు ఏటేటా పెద్ద బతుకమ్మను పేర్చేది గా తాంబాలంలనే. గీత ఊకునే మనిషి కాదు. కిరాణం దుకాణపు కెమెరాల చూపిచ్చుకున్నది. పచ్చచీరె కట్టి, కొంగు మొఖం దాక గుంజుకున్న ఆడిమనిషి ఒకామె తాంబాలం సంకల వెట్టుకొని పోయి, గీత కిరాయికిచ్చిన పాతింటి అర్రలనే సొచ్చింది. అండ్ల ఉండేది కళ్యాణి. ఎల్లారెడ్డిపేట నుంచి అచ్చి, దవాఖానల ఊడ్చే పని చేసుకుంట ఒక్కతే బతుకుతది.

గీత అర్రంత దేవులాడింది. తాంబాలం దొరకలే. "అప్పుడే అమ్ముకున్నవు. మాపటికల్ల ఖాళీ చెయ్యి," అన్నది.

కళ్యాణి రాజవ్వకాడికి ఉరికచ్చింది. "నేను ఎనుక నల్లకాడ నీళ్లు వడుతున్న పెద్దమ్మా, రెండు తలుపులూ తీసే ఉన్నయి," అని రాజవ్వ చెయ్యి వట్టుకున్నది. "దొంగ పేరు మోసుకొని పోతే నాకు ఇంకెవలు కిరాయికిస్తరు?"

రాజవ్వ కిరాణంల కూసొని వీడియో మళ్ల మళ్ల ఏయించుకున్నది. దుకాణపాయినకు ఇసుగచ్చింది. చీరె చూసి పట్టేటట్టు లేదు. సర్కారిచ్చిన చీరె, ఇంటికొకటి ఉన్నది, రాజవ్వ ఒంటిమీద సుత గదే. కని గడపకాడ ఆ మనిషి ఆగింది. వంగి గడప ముట్టి, చెయ్యి కండ్లకద్దుకున్నది. రాజవ్వ గీతను పిలిపిచ్చింది.

"ఇగో సూడు. దొంగతనానికి అచ్చినోళ్లు గడపకు మొక్కుతరానే?"

"ఏమో, భక్తి ఉండచ్చు."

"కళ్యాణి చర్చికి పోయే పిల్ల. గడపకు మొక్కదు, బతుకమ్మ ఆడదు. తాంబాలం ఏం చేసుకుంటది, అండ్ల అన్నం తింటదా?"

"మరి ఎవలు మొక్కుతరక్కా?"

"గదే అడుగుతున్న. గా ఇల్లు మీరు కొనకముందు ఎవలది?"

గీత మళ్ల వీడియో దిక్కు సూసింది. "మా అత్తమ్మ తల్లిగారిది," అన్నది.

గీత అత్త రాములవ్వ ఎనబై దాటిన మనిషి. ఈ నడుమ పొయ్యిమీద పాలు మరిచిపోతుంటె, ముసలితనం అని ఎవలూ పట్టించుకోలే. రాజవ్వ, గీత ఆమెను మెల్లగ కళ్యాణి అర్రకు తోలుకచ్చిండ్లు. రాములవ్వ ఎవలనీ ఏమీ అడగలే. సీదా తలుపెనుకకు పోయి, ఏలాడేసిన చీరెలు పక్కకు జరిపి, పాత గోడల ఉన్న లోతు గూట్లకెల్లి తాంబాలం తీసింది.

తన లెక్క కరెక్టయినందుకు రాజవ్వకు సంబురం కావాలె. ఎందుకో కాలే.

రాములవ్వ తాంబాలం ఎదకద్దుకొని కళ్యాణి మొఖంల మొఖం వెట్టి సూసింది.

"అవ్వా, ఇయ్యాల సద్దులు గద. అత్తగారోళ్లు నన్ను మనింటికి తోలుతలేరు. నేనే అచ్చిన. ఆళ్లచ్చి అడిగితె ఇది ఇయ్యకు."

కళ్యాణికి ముప్పై ఏండ్లు సుత లేవు. పొద్దటిసంది దొంగ అనిపిచ్చుకున్న పిల్ల. ఒకసారి గీత దిక్కు సూసి, ముసలామెను మంచంమీద కూసోవెట్టింది.

"ఇయ్యను బిడ్డా," అన్నది. "పండుగపూట అచ్చినవు, ఏమన్న తిన్నవా?"

తినలేదని రాములవ్వ తలకాయ ఊపింది. కళ్యాణి పొయ్యి ముట్టిచ్చింది. గీత బయటనే నిలవడి కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తున్నది, లోపలికి అచ్చే మొఖం లేదు.

"నువ్వు సుత రా అక్కా," అని కళ్యాణే పిలిచింది.